ఆకు వాడని బత్తాయి తోట

యాత్ర అంటే మా ఊళ్లో కాశీ, తిరుపతి, అదీ కాకుంటే ఏదో ఒక జాతర. చెట్ల వేళ్లు చూడ్డానికి రాత్రంతా రైల్లో కూర్చుని, ఆపైన బస్సులు మారుతూ పోయినవాణ్ని మా మండలం మొత్తానికి నేనొక్కణ్నే అయి ఉంటాను. తిరిగొచ్చాక అడిగిన ప్రతివాడికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అందుకే రాసి పెడుతున్నాను, ఇక ఎవరడిగినా ఈ కాగితాలు చేతిలో పెట్టేస్తాను.

మాది అనంతపురం జిల్లా. మేం చీనీ అంటాం, అక్కడివాళ్లు బత్తాయి అంటారు, కాయ ఒక్కటే. పంట పండించనివాళ్లకు ఒక మాట చెప్పాలి. బత్తాయి చెట్టుకు తల మాత్రమే బత్తాయిది, కాళ్లు వేరే జాతివి. ముందు ఏదో ఒక నిమ్మజాతి మొక్కను గింజ నుంచి పెంచి, దాని కాండం మీద బత్తాయి కన్నును అంటు కడతారు. మా తాతల నుంచీ ఆ కాళ్లు జంబేరివే. జంబేరి తొందరగా పెరుగుతుంది, కాయా పెద్దదే, కానీ నీళ్లు లేకపోతే చంటిపిల్లలా గోల పెడుతుంది. పోయిన ఎండల్లో మా బోరు ఎండి, సగం తోట నా కళ్లముందే కట్టెలైపోయింది. రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టిన అంటయితే కరువును ఓర్చుకుంటుందని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. నమ్మి నాటినవాణ్ని మాత్రం నేను ఒక్కణ్నే ఎరుగుదును. అతని పేరు యాదగిరి, సూర్యాపేట జిల్లా ఆత్మకూర్. తిరుపతిలో రైతుల శిక్షణకు పోయినప్పుడు ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం.

డిసెంబరు చివర్లో ఒక పొద్దున అతను ఫోన్ చేశాడు. "అన్నా, చెట్లు పీకిపిస్తున్న. ఈ వారం ఆఖర్ల జేసీబీ వస్తది. సూస్త సూస్త అంటుంటివి గద, సూడాలంటే ఇప్పుడే రా" అన్నాడు. ఎందుకని అడిగితే, పూత లేదు కాత లేదు అని పెట్టేశాడు. నేను మళ్లీ నాటాలనుకుంటున్నవీ ఆ వేరు మొక్కలే. మా ఆవిడ సంచీ సర్దుతూ, చెట్టు చచ్చాక ఏడవడం కంటే నాటకముందే చూసి రావడం మేలంది.

సూర్యాపేట

బస్టాండులో దిగగానే చలి చెవులు పట్టుకుంది. మా దగ్గర చలికాలమంటే తెల్లవారుజామున ఒక దుప్పటి, అంతే. ఇక్కడ ఆటోవాళ్లు కూడా మఫ్లర్ చుట్టుకుని, చెత్త మంట చుట్టూ గుండ్రంగా నిలబడి ఉన్నారు. నేనూ పోయి వాళ్ల మధ్యలో దూరాను. ఎవరివని ఎవరూ అడగలేదు, జరిగి చోటిచ్చారు.

బస్టాండు బయట జ్యూస్ బండి కనపడితే అలవాటుగా చీనీ జ్యూస్ ఇమ్మన్నాను. బండి సాయిబు తలూపి, బత్తాయి రసంలో మూడు చెంచాల చక్కెర పోసి ఇచ్చాడు. ఉర్దూలో చీనీ అంటే చక్కెరని నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. నలభై రూపాయలు పెట్టాను కాబట్టి ఆ పాకాన్ని కిక్కురుమనకుండా తాగాను. కాయలు ఎక్కడివని అడిగితే, ఇదివరకు చుట్టుపక్కల తోటలవే వచ్చేవి, ఇప్పుడు తోటలు తగ్గాయి, అందరూ వరిలో పడ్డారన్నాడు. నేను పోతున్నది కూడా ఇంకో తోట తగ్గేది చూడ్డానికేనని అతనికి చెప్పలేదు.

ఆత్మకూర్ (ఎస్)

యాదగిరి వాళ్లది గొర్లు కాసే కుటుంబం. తోట వచ్చింది మధ్యలో, మంద ముందు నుంచీ ఉంది. ఇప్పుడు తోట యాదగిరిది, మంద అతని భార్య మల్లమ్మది. ఈ పంపకం ఎవరు చేశారో తెలియదు గాని ఇద్దరూ ఒకరి రాజ్యంలో ఒకరు వేలు పెట్టరు. మల్లమ్మ నన్ను చూడగానే "రా అన్నా" అని, కాళ్లకు నీళ్లిచ్చి, వేడి జొన్న రొట్టె మీద తలకాయ కూర వేసింది. మా వైపు ఇదే కూర సంగటిలోకి తింటాం, కారం ఇంకాస్త ఎక్కువ వేస్తాం. చెప్పాలంటే రొట్టెతోనే బాగుంది, మా ఆవిడకు ఈ వాక్యం చదివి వినిపించకండి.

తిన్నాక తోటకు పోయాం. ఊరి చుట్టూ కాలువ కింద వరి కోసిన మళ్లు. తోట మెరక మీద ఉంది, కాలువ నీరు అంత ఎత్తుకు ఎక్కదు, ఉన్నది ఒక బోరే. ఒక వైపున్న పాత జంబేరి చెట్లు మావాటిలాగే కొమ్మలెండి ఉన్నాయి. ఇటువైపు రంగపూర్ చెట్లు. నేను నోరెళ్లబెట్టాను. నెల దాటి చుక్క నీరు పెట్టలేదట. మన్ను పర్రెలు విచ్చింది. అయినా ఒక్క ఆకు ముడుచుకోలేదు. ఇంత పచ్చటి తోటను పీకించే మొగుడు ఎక్కడైనా ఉంటాడా అనిపించింది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. బత్తాయి చెట్టు సుఖంగా ఉంటే పూయదు. అందుకని పూతకు ముందు రైతులం కావాలని నీళ్లు ఆపేస్తాం. దాన్ని బెట్ట పెట్టడం అంటారు. ఆకు వాడి, దొన్నెలా ముడుచుకుని, కొన్ని రాలే దాకా చూసి, అప్పుడు ఎరువేసి నీళ్లిడుస్తాం. చెట్టు పూతతో విరగబడుతుంది. ఆకు వాడకముందు నీళ్లిస్తే చిగురేస్తుంది తప్ప పూయదని మా నాయన చెప్పాడు, యాదగిరికి వాళ్ల పెద్దలు చెప్పారు. అందులో రెండో మాట లేదు.

యాదగిరి చేసిందీ అదే. పోయినేడు ఈ చెట్లకు నీళ్లాపి ఆకు వాడుతుందని కూర్చున్నాడు. వాడలేదు. ఇంకా కూర్చున్నాడు. కాలం దాటిపోయాక ఆకు వాడింది, అప్పుడు నీళ్లిస్తే అక్కడో పువ్వు ఇక్కడో పువ్వు వచ్చి ఎండలకు రాలిపోయాయి. అంతకుముందేడూ అదే కథ. ఈ ఏడు కూడా ఆకు నిటారుగానే ఉంది. ఊళ్లోవాళ్లు గొడ్డు చెట్లని నవ్వుతున్నారట.

"ఆ మాట చెట్టునైనా అనొద్దు" అంది మల్లమ్మ. ఆమె అంతవరకూ తోట గట్టు మీద గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని పాలు పడుతోంది. గొంతు పెంచలేదు గాని యాదగిరి తల దించుకున్నాడు. పెళ్లయిన చాలా ఏళ్లకు గాని వాళ్లకు కూతురు పుట్టలేదని నాకు తర్వాత తెలిసింది.

మెరక చదును చేయించి, కాలువ నుంచి మోటారుతో ఎత్తి వరి వేస్తానంటాడు యాదగిరి. జేసీబీకి మాటిచ్చేశాడు. నేను చెప్పిందల్లా ఒక్కటే. పీకడానికి ఇంకా రెండు మూడు రోజులున్నాయి కదా, ఈ మొక్కలు కొన్న కోదాడ నర్సరీకి పోయి అడిగి వద్దాం, తప్పు మొక్కదో మనదో తెలుస్తుంది. అతను ఒప్పుకున్నాడు. నర్సరీ ఆయనను నాలుగు మాటలనాలని అతనికీ ఉంది.

కోదాడ

జాతీయ రహదారి మీద గంట ప్రయాణం. సూర్యాపేటలో "ఏడికి పోవాలె" అన్న కండక్టరు గొంతుకు అలవాటు పడేలోపే, కోదాడ హోటల్లో "ఏం తీసుకుంటారండి" అన్నారు. అండీ వినపడిందంటే ఆంధ్ర దగ్గరపడ్డట్టే. ఇడ్లీ పక్కన పెట్టిన అల్లం పచ్చడి బెల్లంతో తియ్యగా ఉంది. యాదగిరి దాన్ని వేలితో పక్కకు తోసి, పచ్చడిలో బెల్లమేసేవాళ్ల మొక్కలు ఎట్లా నమ్మితినో అని గొణిగాడు.

నర్సరీ యజమాని శేషగిరిగారు సన్నగా, తెల్ల బనీనుతో ఉన్నారు. యాదగిరి మాటలన్నీ ఓపిగ్గా విని, మమ్మల్ని మొక్కల మధ్యకు తీసుకుపోయారు. పెన్సిలంత కాండం మీద కత్తితో చిన్న గాటు పెట్టి, పొరను విప్పి, బత్తాయి కన్నును అందులోకి జొనిపి పట్టీ చుట్టారు. చూడ్డానికి మనిషి వేలికి కట్టు కట్టినట్టే ఉంది. తర్వాత ఒక రంగపూర్ మొక్కను, ఒక జంబేరి మొక్కను సంచులు చింపి పక్కపక్కన పడుకోబెట్టారు. నీళ్లు తగ్గినప్పుడు రంగపూర్ వేరు వెతుక్కుంటూ పోతుందన్నారు.

"మొక్క మంచిదేనండి. పూత సంగతి నన్నడక్కండి, నేను అంటు కట్టేవాణ్ని, తోట చేసేవాణ్ని కాదు" అని ఒప్పేసుకున్నారు. అంత నిజాయితీ ఎదురయ్యేసరికి యాదగిరి తెచ్చుకున్న నాలుగు మాటలూ నోట్లోనే ఉండిపోయాయి. ఇవే మొక్కలు ముందుగా పట్టుకెళ్లినావిడ ఒకరున్నారనీ, త్రిపురారం దగ్గర తండాలో చాందీ అంటే ఎవరైనా చెబుతారనీ, ఏటా తనకు కాయలు పంపిస్తుందనీ ఆయన చెప్పారు.

కాయలు పంపిస్తుందంటే చెట్లు కాస్తున్నట్టే కదా. నేను రేపే పోదామన్నాను. యాదగిరికి మాత్రం అంత దూరం నమ్మకం కుదరలేదు. బజార్లో మందుల దుకాణానికి తీసుకుపోయి, పూత తెప్పించే హార్మోను సీసా ఒకటి కొన్నాడు. చెట్టు ఎదుగుదలను ఆపి పూత వైపు మళ్లిస్తుందని, మామిడికి వాడేదే బత్తాయికీ పని చేస్తుందని, చెట్టు మొదట్లో పోస్తే చాలని దుకాణం అతను చెప్పాడు. మొదట్లో తేమ ఉందా లేదా అని అతనూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ సీసాను యాదగిరి తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, లాడ్జిలో పడుకునేటప్పుడు కూడా తలాపునే ఉంచుకున్నాడు.

మిర్యాలగూడ

హుజూర్‌నగర్ మీదుగా పొద్దున్నే చేరాం. ఊరు రాకముందే ఉడికిన వడ్ల వాసన వచ్చింది. మాకు వేరుశనగ మిల్లులు తెలుసు, కానీ ఇన్ని రైసు మిల్లులు ఒకేచోట నేను చూడలేదు. త్రిపురారం బండి కోసం రోడ్డు పక్కన నిలబడితే గాలికి ఊక లేచి నా కంట్లో పడింది. కన్ను నలుపుకుంటూ గుడ్డివాడిలా తచ్చాడుతుంటే, మిల్లులో పని చేసే ఒక పెద్దామె నా గడ్డం పట్టుకుని తల పైకెత్తి, కొంగు కొసను నాలుకతో తడిపి ఊక పొట్టు తీసేసింది. మా ఊళ్లో అయితే ముందు ఎవరి తాలూకు అని అడిగి, తర్వాత కన్ను చూస్తారు.

పది రూపాయల చాయ్ తాగుతూ చూస్తే, మిల్లు గేటు ముందు వడ్ల ట్రాక్టర్లు బారు కట్టి ఉన్నాయి. ఒక రైతు బస్తాల మీదే పడుకున్నాడు. యాదగిరి పోయి మాట కలిపాడు. తేమ ఎక్కువుందని తిప్పి పంపితే ఎండబోసి మళ్లీ తెచ్చాడట, మొన్నటి నుంచి ఇక్కడే ఉన్నాడట. యాదగిరి వచ్చి నా పక్కన కూర్చుని, చాయ్ చల్లారేదాకా ఆ ట్రాక్టర్ల బారునే చూశాడు. వరి వేస్తే పరేషానీ ఉండదని అతను అనుకుని ఉంటాడు.

త్రిపురారం

సాగర్ కాలువ నిండా నీళ్లు. నాట్లకు దమ్ము చేస్తున్న మళ్లు, వాటి మధ్య తెల్ల కొంగలు. ఇంత నీటి దేశంలో కరువును ఓర్చే చెట్టుకు పనేముంటుందా అనుకున్నాను. తండా మాత్రం కాలువకు ఎగువన గుట్ట వాలులో ఉంది. కింద పారే నీళ్లను తాతల కాలం నుంచి చూస్తూ బతికారు తప్ప, ఆ నీరు వాలుకు ఎప్పుడూ ఎక్కలేదు, తోటకు బోరే గతి.

చాందీ మా కంటే పెద్దది. కోడలితో లంబాడీలో, మాతో తెలుగులో, మేకలతో రెండింట్లోనూ మాట్లాడుతుంది. మేం వచ్చిన పని చెప్పేలోపే తోటలోకి నడిచింది. అక్కడి చెట్లు యాదగిరి చెట్లకు అచ్చం తోబుట్టువుల్లా ఉన్నాయి, ఆకు నిటారుగా, నిగనిగలాడుతూ. ఒక్క తేడా ఉంది. ప్రతి ఆకు మొదట్లోనూ గుండుసూది తలంత తెల్లటి మొగ్గ.

యాదగిరి ఒక కొమ్మ వంచి చూశాడు, ఇంకోటి వంచాడు. "ఆకు వాడకముందే నీళ్లిచ్చినవా అక్కా?" అన్నాడు. చాందీ నవ్వి, తను తెలిసి చేసిన పని కాదంది. మొదట్లో తనూ ఆకు కోసమే కాచుకుని రెండు పంటలు పోగొట్టుకుందట. ఒక ఏడు బెట్ట మీద ఉండగానే కొడుకు పెళ్లి వచ్చింది. వంటలు తోట పక్కనే. గిన్నెలు తోమిన నీళ్లు, జనం చేతులు కడిగిన నీళ్లు కాలువ కట్టి ఒక వరుసలోకి పోయాయి. చెట్లు పాడైపోతాయని ఆమె మొగుడు చుట్టాల మీదే కేకలేశాడట. ఆ ఏడు తోట మొత్తం మీద పూసింది ఆ ఒక్క వరుసే.

"కోడలు ఇంట్లకు రాంగనే పూత తెచ్చింది అన్నరు జనం. కోడలు కాదు తమ్మీ, అంట్ల నీళ్లు" అంది. కోడలు వెనక నుంచి లంబాడీలో ఏదో అంటే ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

తర్వాత చూపించింది. ఈ వేరు దాహాన్ని లోపలే దాచుకుంటుంది, ఆకుకు చెప్పదు. అందుకని ఆమె కొమ్మ కొసను చూస్తుంది. లేత కొస పలకలుగా ఉంటే ఇంకా పెరుగుతున్నట్టు. గుండ్రంగా గట్టిపడి, చిగురు ఆగిపోయిందంటే చెట్టు పూతకు సిద్ధమైనట్టు, ఆకు ఎట్లా ఉన్నా నీళ్లు ఇవ్వాల్సిందే. యాదగిరి తువ్వాలు విప్పి సీసా చూపించాడు. ఆమె కొడుకూ అదే తెచ్చాడట.

"ఎండిన భూమిల పోస్తే మన్నే తాగుతది. మా పోరడు గట్లనే పోసి ఖరాబు చేసిండు" అంది. మరుసటి ఏడు వ్యవసాయాధికారిని అడిగి, కొలత ప్రకారం వానాకాలంలో తేమ మీద పోస్తే కొమ్మలు పొట్టిగా, ఆకు మందంగా వచ్చి, చెట్లు ఎండాకాలాన్ని సులువుగా దాటాయట. పిందె రాలకుండా చల్లే మందు కూడా చెట్టు కడుపునిండా నీళ్లు తాగాకే చల్లాలట. అయినా ఎండలు ముదిరితే కొంత రాలుతుంది, అన్నీ నిలబడతాయని నేను చెప్పనంది. ఆ మాటతో నాకు మిగతావన్నీ నమ్మాలనిపించింది.

వాళ్లింట్లో రొట్టె, బొబ్బర్ల కూర తింటుండగా యాదగిరి జేసీబీ వాళ్లకు ఫోన్ చేశాడు, పని వద్దని చెప్పడానికి. అవతల ఎత్తింది మేనేజరు. వేరేచోట పని రద్దయిందని బండి పొద్దున్నే ఆత్మకూరుకు పోయిందన్నాడు. డ్రైవరుకు చేస్తే ఎత్తడం లేదు, ఇంజను మోతలో వినపడదు. మల్లమ్మ మందతో బయటికి పోతే ఫోను ఇంట్లోనే ఉంటుంది. యాదగిరి చేతిలోని రొట్టె ముక్క కంచంలో పడేసి లేచాడు.

మళ్లీ ఆత్మకూర్

తిరుగు దారిలో ఏ ఊరు ఎప్పుడు వచ్చిందో నాకు గుర్తు లేదు. యాదగిరి బస్సు ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. సూర్యాపేటలో ఆటో మాట్లాడుకున్నాం. బేరం కూడా ఆడలేదు, నా జీవితంలో అది మొదటిసారి.

తోట గట్టు మీద పసుపు రంగు జేసీబీ నిలబడి ఉంది. యాదగిరి ఆటో ఆగకముందే దూకాడు. నేను రొప్పుతూ వెనకాల చేరేసరికి కనిపించింది ఇది. చెట్లన్నీ నిలబడే ఉన్నాయి. చెట్ల మధ్య, వరుస వరుసకీ, గొర్లు. మంద మొత్తం వల కట్టిన తోటలో పడుకుని నెమరేస్తోంది. డ్రైవరు గట్టు మీద కూర్చుని మల్లమ్మ ఇచ్చిన గుడాలు, అదే మా గుగ్గిళ్లు, తింటున్నాడు.

పొలంలో మందను నిలిపి ఎరువు పట్టించడం వాళ్ల కులం పని, మల్లమ్మ చేసింది అదే. బండి రాగానే మందను తోలుకొచ్చి తోటలో దింపింది. మంద కట్టిన చేనిలో ఆ నెల ఇనుము దిగకూడదు, దిగితే మందకు కీడు, బండికీ కీడు అని చెప్పిందట. డ్రైవరు ఖమ్మం వైపువాడు, పాపం నమ్మాడు.

"గట్ల ఆచారం ఏడున్నది?" అన్నాడు యాదగిరి.

"ఇయ్యాల్టి సంది ఉన్నది" అంది మల్లమ్మ.

ఆమెకు కొమ్మ కొస సంగతి గాని, అంట్ల నీళ్ల సంగతి గాని తెలియదు. మేం వచ్చేదాకా చెట్లు నిలబడి ఉండాలనుకుంది, అంతే. యాదగిరి దగ్గర్లో ఉన్న చెట్టు కొమ్మ కొసను వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. నన్నూ పట్టుకు చూడమన్నాడు. గుండ్రంగా, గట్టిగా ఉంది. కింది కొమ్మల ఆకులు గొర్లు కొంత మేసేశాయి, ఇంకో రోజు అయితే ఇంకా మేసేవి. అతను పోయి బోరు మోటారు వేశాడు. పర్రెలు విచ్చిన మన్నులోకి నీళ్లు దిగుతుంటే బుడబుడమని చప్పుడు వచ్చింది. నీళ్లు తగిలి గొర్లు ఒకటొకటే లేచాయి. మల్లమ్మ గట్టు మీద నిలబడి చూస్తూ కళ్లు తుడుచుకుంది.

ఇల్లు

ఇంటికొచ్చాక నెల పాటు నేను యాదగిరికి ఫోన్ చేయలేదు. భయం. చిగురేసిందని చెబితే ఏం మాట్లాడాలో నాకు తెలియదు. మా ఆవిడ రోజూ అడిగేది, నేను రోజూ రేపు చేస్తాననేవాణ్ని.

ఒక పొద్దున అతనే చేశాడు. పలకరింపు కూడా లేదు. "ఇను" అన్నాడు, అంతే. తర్వాత హోరు. సిగ్నల్ లేదేమోనని నేను హలో హలో అని అరుస్తున్నాను. మా ఆవిడ ఫోను లాక్కుని చెవికి పెట్టుకుంది. కాసేపు కదలకుండా విని, ఫోను మళ్లీ నా చెవి దగ్గర పెట్టింది.

"అరవద్దు. తేనెటీగలు" అంది.

ఎంతసేపు విన్నామో తెలియదు. ఆ పూత కాయ కావాలంటే చాలా ఎండలు దాటాలి, ఎంత నిలుస్తుందో యాదగిరికీ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆ మధ్యాహ్నమే నేను కోదాడకు ఫోన్ చేసి మొక్కలు చెప్పాను. ఇప్పుడు మా చేనులో గుంతలు తవ్వుతున్నారు.